పాత కారు మీటర్లను పారేయకండి

సంపాదక మహాశయులకు,

నమస్కారం. ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల పునరుద్ధరణ గురించి వచ్చిన వ్యాసాన్ని ఎంతో ఆసక్తితో చదివాను. ఇంజను, బాడీ, సీట్ల పని గురించి రచయిత చెప్పిన సంగతులు ఉపయోగకరంగా ఉన్నాయి. అయితే డ్యాష్‌బోర్డు మీది మీటర్ల విషయానికి వచ్చేసరికి, పాతవి తీసేసి అదే రూపంలో దొరికే కొత్త ఎలక్ట్రానిక్ మీటర్లు బిగించుకోవడమే ఉత్తమమని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. నేను విశాఖపట్నంలోని ఒక కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలిచే గేజీలను విప్పి, శుభ్రం చేసి, సరిచూసి తిరిగి బిగించడమే నా వృత్తి. ఆ అనుభవంతోనూ, రెండేళ్ల కిందట ఇంగ్లండులో మా అల్లుడుగారి కారు మీటర్ల మీద చేసిన పనితోనూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడుగారు బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. ఆయన మనసుపడి కొనుక్కున్నది 1966 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్. రెండు సీట్ల ఈ స్పోర్ట్స్ కారును, గట్టి పైకప్పు ఉండే దాని జీటీ రకాన్ని కలుపుకుంటే, 1962 నుంచి 1980 వరకు ఐదు లక్షలకు పైగా తయారుచేశారు. ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని అబింగ్డన్ దాని పుట్టినిల్లు. ఆ కారు మీటర్లన్నీ స్మిత్స్ కంపెనీవి. 19వ శతాబ్దంలో లండన్‌లో గడియారాల వ్యాపారంగా మొదలైన ఆ సంస్థ తరవాత కార్లకు, విమానాలకు మీటర్లు చేసే స్థాయికి ఎదిగింది. స్పీడోమీటర్‌ను డబ్బాలోంచి బయటికి తీసి చూస్తే ఆ గడియారాల వారసత్వం ఇప్పటికీ కనబడుతుంది. సన్నని పళ్లచక్రాలు, వెంట్రుకలాంటి స్ప్రింగు, రెండు కొనల మధ్య తేలికగా తిరిగే ఇరుసు అందులో ఉంటాయి. గడియారం విప్పి బిగించగలిగిన చేతికి ఈ పని అసాధ్యం కాదు.

ఆ కారు స్పీడోమీటర్‌లో వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, గంటకు నలభై మైళ్లు దాటగానే ముల్లు ఒకచోట నిలవకుండా ఊగిపోయేది. మా అల్లుడుగారు నేను వెళ్లకముందే దాన్ని ఒక మరమ్మతు సంస్థకు పంపించారు. వారు లోపల శుభ్రం చేసి, డయల్ మీద కొత్తగా అచ్చు వేయించి, మైళ్ల అంకెలను సున్నాకు తిప్పి, మెరిసిపోయేలా తయారుచేసి పంపారు. ఆరు నెలలు తిరగకముందే ముల్లు మళ్లీ ఊగడం మొదలుపెట్టింది. నేను చూసేనాటికి పరిస్థితి అది.

ఈ మీటరు ఎలా పనిచేస్తుందో తెలిస్తే లోపం ఎక్కడుందో కనిపెట్టడం కష్టం కాదు. గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబుల్ మీటరు లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతానికి ఎక్కడా తగలకుండా దాని మీద చిన్న అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది. తిరిగే అయస్కాంతం ఆ గిన్నెలో సుడి విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది, వాటి బలంతో గిన్నె కూడా తిరగబోతుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ రెండు బలాలూ ఎక్కడ సరిసమానమైతే అక్కడ ముల్లు నిలుస్తుంది. జర్మనీకి చెందిన ఒట్టో షుల్జె 1902లో పేటెంటు తీసుకున్న సూత్రం ఇది. మన అంబాసిడర్‌లోనూ, ప్రీమియర్ పద్మినిలోనూ, పాత స్కూటర్లలోనూ పనిచేసింది ఇదే. మా అల్లుడుగారి కారులో ఎవరో మంచి ఉద్దేశంతోనే కేబుల్‌కు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా గ్రీజు పట్టించారు. చుట్టలు చుట్టినట్టుండే లోపలి తీగ తిరుగుతున్నప్పుడు మరలాగా ఆ గ్రీజును పైకి తోడి మీటరులో పోస్తుంది. అక్కడ అది దుమ్ముతో కలిసి జిగురై ఇరుసును పట్టేస్తుంది. మరమ్మతు చేసినవారు మీటరును మాత్రమే కడిగారు, కేబుల్ సంగతి అడగనేలేదు. కేబుల్‌ను బయటికి లాగి పెట్రోలుతో పూర్తిగా కడిగి, కింది భాగానికి మాత్రమే పలచగా గ్రీజు రాసి, మీటరు వైపు జానెడు మేర పొడిగా వదిలేశాం.

తరవాత మీటరు విప్పాం. చుట్టూ ఉండే క్రోమియం రింగుకు లోపలివైపు చిన్న చెవులుంటాయి. డబ్బా అంచున ఉన్న గాట్లకు అవి ఎదురుగా వచ్చేదాకా రింగును తిప్పితే ఊడివస్తుంది. స్క్రూడ్రైవరుతో ఎత్తబోతే రింగు వంకరపోతుంది, గాజు పగులుతుంది. పాత రబ్బరు గట్టిపడి అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి రాత్రి అంచు వెంట తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి ఉంచి, మర్నాడు రబ్బరు తొడుగు వేసుకున్న చేతులతో కొంచెం కొంచెంగా తిప్పడం మేలు. ముల్లు తీసేముందు చేయవలసిన పని ఒకటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ముల్లు సున్నా దగ్గర ఒక చిన్న పిన్నుకు ఆనుకుని ఆగుతుంది, కానీ అది స్ప్రింగు అసలు విశ్రాంతి స్థానం కాదు. ముల్లును మెల్లగా పైకెత్తి పిన్ను దాటించి వదిలితే సున్నాకు దిగువన తనంతట తాను ఒకచోట నిలుస్తుంది. ఆ చోటును పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ గుర్తు లేకపోతే మీటరు ప్రతి వేగాన్నీ తప్పుగా చూపిస్తుంది. ఇరుసు కొనకు సూదిమొనతో తీసిన ఒక్క చుక్క గడియారం నూనె చాలు.

డయల్ అడుగున చిన్న అక్షరాల్లో 1040 అనే అంకె ఉంటుంది. కేబుల్ 1040 చుట్లు తిరిగితే ఒక మైలు అయినట్టు లెక్క అని దాని అర్థం. గంటకు అరవై మైళ్లంటే నిమిషానికి ఒక మైలు కాబట్టి, మీటరు వెనక ఇరుసును నిమిషానికి 1040 చుట్లు తిప్పినప్పుడు ముల్లు 60 మీద ఉండాలి, 520 చుట్లకు 30 మీద ఉండాలి. వేగం మార్చుకోగల డ్రిల్లు మిషను, చుట్లు లెక్కపెట్టే సాధనం ఉంటే వంటింటి బల్ల మీదే సరిచూసుకోవచ్చు. వేరే అంకె ఉన్న డయల్‌ను తెచ్చి తగిలించినా, వెనక యాక్సిల్ పళ్ల నిష్పత్తి మార్చినా, మీటరు ఎంత బాగున్నా తప్పే చూపిస్తుంది.

ఆయిల్ ప్రెషర్, ఇంజను వేడి చూపే జంట గేజీని చూడగానే నాకు పాత స్నేహితుణ్ని కలిసినట్టనిపించింది. ఫ్రాన్సుకు చెందిన యూజీన్ బోర్డన్ 1849లో కనిపెట్టిన వంపు గొట్టమే అందులో ఉంది. నా ఉద్యోగ జీవితమంతా వాటి మధ్యనే గడిచింది. వేడి చూపే భాగంలో ఇంజనుకు తగిలించిన చిన్న బల్బులో ఈథర్ ఉంటుంది. ఇంజను వేడెక్కేకొద్దీ ఆవిరి పీడనం పెరిగి, సన్నని రాగి గొట్టం గుండా వచ్చి వంపు గొట్టాన్ని విప్పారుస్తుంది. ఇంజను దించేటప్పుడు ఆ రాగి గొట్టం విరిగితే ఈథర్ అంతా పోయి ముల్లు శాశ్వతంగా కిందికి వాలిపోతుంది. చాలా గేజీలు చెత్తబుట్టకు చేరేది ఈ ఒక్క కారణం వల్లనే. కానీ మరో చవక గేజీ తెచ్చి, దాని బల్బును ఉప్పు కలిపిన ఐసుముక్కల్లో ముంచి ఉంచితే ఈథర్ ద్రవంగానే నిలుస్తుంది. అప్పుడు దాని గొట్టాన్ని కోసి, అసలు గేజీ గొట్టానికి చిన్న తొడుగుతో టంకం వేయవచ్చు. ఈథర్ 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. అందుచేత మంట వాడకుండా, ఆరుబయట, తెలిసినవారే చేయవలసిన పని ఇది. అతికించిన తరవాత బల్బును మరిగే నీళ్లలో ఉంచి థర్మామీటరుతో సరిపోల్చి చూశాం. ముల్లు కదిలిన క్షణంలో మా అల్లుడుగారి ముఖం చూడవలసిందే.

పెట్రోలు గేజీ ఎప్పుడూ ట్యాంకు నిండినట్టే చూపిస్తుంటే గేజీని అనుమానించే ముందు డ్యాష్‌బోర్డు వెనక ఉండే చిన్న వోల్టేజి స్టెబిలైజరును చూడాలి. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును అది తెరుస్తూ మూస్తూ సగటున 10 వోల్టులకు తగ్గించి గేజీకి ఇస్తుంది. దాని ఎర్తు తుప్పుపడితే మొత్తం వోల్టేజి గేజీకి చేరి ముల్లు పైకెక్కి కూర్చుంటుంది. గరుకు కాగితంతో తుప్పు గీకి మర బిగించడంతో ఆ పని అయిపోయింది.

ఇంజను చుట్లు చూపే మీటరు మాత్రం ఎలక్ట్రానిక్ పరికరమే. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక చుట్టుకు రెండు స్పార్కులు ఇస్తుంది, కాబట్టి సెకనుకు 50 స్పందనలు పంపితే అది 1500 చుట్లు చూపాలి. ఇంగ్లండులోనూ మన దేశంలోనూ కరెంటు 50 హెర్ట్‌జ్ కావడం వల్ల, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా తక్కువ వోల్టేజికి దించుకుని దాన్నే కొలబద్దగా వాడుకోవచ్చు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఆ కాలపు ఎంజీబీలో, ఇప్పటి కార్లలోలా నెగెటివ్ కాకుండా, బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపి ఉంటుంది. అలవాటుకొద్దీ తిరగేసి కలిపితే లోపలి ట్రాన్సిస్టరు కాలిపోతుంది.

నేను ఎక్కువగా బాధపడ్డది డయల్ గురించి. యాభై ఏళ్ల ఎండకు తెల్ల అంకెలు మీగడ రంగుకు తిరిగి, మిగతా మీటర్లన్నీ ఒకే తీరుగా ఉన్నచోట, కొత్తగా అచ్చు వేసిన ఆ ఒక్క డయల్ తెల్లగా మెరుస్తూ వేరే కారుది తెచ్చి పెట్టినట్టుంది. అంకెల ఒంపులు కూడా అసలు వాటిలా లేవు. పాత డయల్‌ను తుడిచేసే కొత్త అచ్చు వేశారు గనుక దాన్ని తిరిగి తెచ్చుకునే దారి లేదు. ఆ డయల్‌కు కావలసింది మెత్తని బ్రష్షు, గాలి ఊదే రబ్బరు బుడ్డి మాత్రమే. తడిగుడ్డ, స్పిరిటు తగిలితే అక్షరాలు లేచిపోతాయి. ముల్లుకు రంగు వేయవలసి వచ్చినా పలచని ఒక్క పూతకు మించితే బరువు పెరిగి తూకం చెడుతుంది.

మైళ్ల అంకెలను సున్నా చేయడాన్ని నేను ఇంతకంటే పెద్ద తప్పుగా భావిస్తున్నాను. ఆ అంకె కారు చరిత్ర, దాన్ని చెరిపే హక్కు మరమ్మతు చేసేవారికి లేదు. అదృష్టవశాత్తు పాత యజమాని దాచిపెట్టిన ఎంఓటీ (కారు రోడ్డు మీద తిరగడానికి తగినదో కాదో ఇంగ్లండులో చూసే పరీక్ష) తనిఖీ పత్రాల్లో ఏటేటా మైళ్లు రాసి ఉన్నాయి. వాటి ఆధారంగా, తరవాత తిరిగిన మైళ్లు కలిపి, అంకెల చక్రాలను తిరిగి వాటి స్థానాల్లో నిలిపాం. ఎందుకు మార్చామో, ఏ తేదీన మార్చామో కాగితం మీద రాసి కారు పత్రాలతో పాటు పెట్టాం.

కొత్త మీటర్లు ఎప్పుడూ వద్దని నా వాదన కాదు. లోపలి భాగాలు పూర్తిగా తుప్పుపట్టి పోయినప్పుడు వేరే దారి ఉండదు. అప్పుడైనా పాతదాన్ని పారేయకుండా డబ్బాలో దాచిపెట్టమని మనవి. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసి, వీఏ అక్షరాలతో నంబరు ఇస్తున్నారు. ఆ నిబంధన బాడీ, ఛాసిస్, ఇంజను గురించే మాట్లాడినా, అసలు రూపం కోరుకునే యజమాని తన కళ్లెదుట రోజూ కనబడే డయల్‌ను మినహాయించడం సబబు కాదు.

మీ పత్రిక ద్వారా ఐటీఐల నిర్వాహకులకు ఒక విన్నపం. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడు చదువుతున్న పిల్లలకు బోర్డన్ గొట్టం గురించి తరగతిలో చెబుతూనే ఉన్నారు. ఆ పాఠంతో పాటు తుక్కు దుకాణాల్లో దొరికే అంబాసిడర్, ఫియట్ మీటర్లను వారి బల్లల మీద పెట్టి విప్పించి, బిగించి చూపించండి. విశాఖలో అలాంటి తరగతికి ఎవరైనా పిలిస్తే, నా పనిముట్ల పెట్టెతో వచ్చి ఉచితంగా నేర్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్,
విశాఖపట్నం