పాత కారు బాడీ కోసే పని ఇకమీదట మా షెడ్డులో తీసుకోం

నెల్లూరు ఆటోనగర్‌లో పాత కార్లు బాగుచేసే మా షెడ్డుకు బండ్లు ఇచ్చిన వాళ్లకీ, ఇవ్వాలని చూస్తున్న వాళ్లకీ ఒక మాట ముందే చెప్పాలి. అంబాసిడర్, పద్మిని, హెరాల్డ్ లాంటి పాత కార్ల బాడీని కోసే పని ఇకమీదట మేం తీసుకోం. పెళ్లి ఊరేగింపుల కోసం టాప్ కోసి ఓపెన్ కారు చేయడం, వెడల్పు టైర్లు పట్టడానికి మడ్‌గార్డు రేకు కోయడం, పెద్ద స్క్రీను కోసం డాష్‌బోర్డు కోయడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. పెట్రోలు ఇంజను దించి ఇంకో కంపెనీ డీజిల్ ఇంజను ఎక్కించే పని కూడా మానేస్తున్నాం. ఇలాంటి పనికి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చిన వాళ్లకు ఫోను చేసి చెప్పాం. పని మార్చుకుంటామంటే సంతోషం, లేదంటే డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం.

దీనివల్ల మాకు రాబడి తగ్గుతుంది. ఊరేగింపు కార్ల పని తొందరగా అయిపోతుంది, డబ్బూ తొందరగా చేతికొస్తుంది. అదే తుప్పు పట్టిన సిల్లులు, అంటే డోర్ల కింద పొడుగునా ఉండే రేకు దూలాలు, తీసి కొత్త రేకుతో సరిగ్గా కట్టాలంటే నెలలు పడుతుంది. పైగా ఆ పనంతా బండి కిందే ఉండిపోతుంది, చూసేవాళ్లకు కనపడదు. అయినా మానేస్తున్నాం. "కారు నాది, డబ్బు నాది, మధ్యలో నీకేంది బాధ?" అని మీలో కొందరు అడుగుతారు, ఇప్పటికే అడిగారు. అడగడంలో తప్పు లేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు టాప్ సంగతి. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్, అంటే కింది ఇనుప చట్రం, ఉండదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 దాకా చేసిన బండి అది. అందులో ఫ్లోరు, సిల్లులు, డోర్ పిల్లర్లు, టాప్ అన్నీ కలిసి బరువు మోస్తాయి. ఫియట్ 1100 నుంచి వచ్చిన పద్మినిదీ అదే పద్ధతి. టాప్ తీసేస్తే ఆ భారమంతా సిల్లుల మీద పడుతుంది. మన దగ్గర ముందుగా తుప్పు పట్టేది ఆ సిల్లులే. మైపాడు, కోడూరు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఏడాది పొడుగునా ఉంటుంది, దానికి తోడు నవంబరు వానలు. బయట టాప్ కోయించుకున్న బండ్లు తర్వాత రిపేరుకు మా దగ్గరికి వస్తుంటాయి. నడుము కుంగి డోర్లు సరిగ్గా పడవు, ముందు అద్దం మూలల్లో పగులు కనిపిస్తుంది. కింద ఇనుప యాంగిలర్లు వెల్డింగ్ చేసి నిలబెడతారు. అవి బరువు పెంచుతాయి కానీ పోయిన బిగువును తెచ్చివ్వలేవు. అలాంటి బండిలో పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ కూర్చోబెట్టి పంపడం నాకు ఇష్టం లేదు.

మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ చేసిన హెరాల్డ్ సంగతి వేరు. దానికి ఛాసిస్ విడిగా ఉంటుంది, బాడీ భాగాలు బోల్టులతో బిగించి ఉంటాయి. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌ను టాప్ లేని మోడల్‌గా కంపెనీయే అమ్మింది. మీ దగ్గర హెరాల్డ్ ఉంటే తీసుకురండి. ఛాసిస్ చూసి, విప్పి తీసిన టాప్‌ను మళ్లీ బిగించుకునే పద్ధతిలో అవుతుందేమో మాట్లాడుకుందాం.

ఇక్కడే మా లెక్క మీకు అర్థమై ఉంటుంది. రేపు విప్పి మళ్లీ పాతది బిగించుకోగలిగిన మార్పయితే మాకు అభ్యంతరం లేదు. అల్లాయ్ వీల్స్ కావాలా, వేస్తాం. పాత రిమ్ములు, వీల్ కప్పులు ఇంట్లో భద్రంగా పెట్టుకోండి. మంచి హారన్, ఎల్ఈడీ బల్బు, పాత రేడియో డబ్బాలో దాచిన బ్లూటూత్, ఏదైనా సరే. బండి మీది, మీరు సంతోషంగా నడపాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా వాళ్ల టురిన్ చార్టర్‌లో కూడా ఇలాంటి మాటే ఉంది. మార్పులు తిరిగి తీసేయగలిగేలా ఉండాలని, తీసిన అసలు సామాను బండితోపాటే ఉంచాలని అందులో రాశారు. అది చదివాక నాకు ధైర్యం వచ్చింది, ఇది నా ఒక్కడి పట్టుదల కాదని.

మన చట్టం కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే సంగతి గట్టిగా చెప్పింది. ఇక 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటాలి, బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్ గానీ బాడీ గానీ ఇంజను గానీ మార్చి ఉండకూడదు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. 1970ల మొదట్లో రిజిస్టరైన మార్క్ 2 అంబాసిడర్లు ఇప్పుడు ఆ వయసుకు వచ్చాయి. ఒక్కసారి రేకు కోస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

అయితే ఆ వింటేజ్ నంబరు అందరికీ పనికి రాదు. దానితో బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తీసుకెళ్లొచ్చు కానీ రోజూ తిప్పడానికి లేదు, బాడుగకు అసలే కుదరదు. వారానికోసారి కుటుంబంతో జొన్నవాడకో పెంచలకోనకో వెళ్లిరావాలనుకునే వాళ్లు మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడం మేలు. మీకు ఏది కావాలో పని మొదలయ్యే ముందే తేల్చుకుని చెప్పండి. సగం పనిలో మనసు మార్చుకుంటే మీకూ ఖర్చు, మాకూ టెన్షన్.

అంటే అన్నీ ఫ్యాక్టరీలో బిగించినట్టే ఉండాలని మేం పట్టుబట్టం. కొన్ని మార్పులు మేమే పట్టుబట్టి చేస్తాం. ఆ రోజుల పెట్రోల్లో సీసం ఉండేది, ఇంజనులో వాల్వులు ఆనే వాల్వ్ సీట్లు అరగకుండా అదే కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. అందుకే ఇంజను హెడ్ దించినప్పుడు గట్టి వాల్వ్ సీట్లు వేయించుకోమంటాం. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపులోని డయాఫ్రం అనే పల్చటి పొర దానికి మెత్తబడి చిట్లుతాయి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి బండి ఊరికే నిలబెడితే ట్యాంకు లోపల తుప్పు మొదలవుతుంది. పైపులు, డయాఫ్రం, ట్యాంకు లోపలి పూత, ఈ మూడూ చేయకుండా మేం బండి బయటికి ఇవ్వం. ఇంజను పొగ బయటికి పోయే వేడి మానిఫోల్డు గొట్టం మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

బ్రేకుల విషయం కూడా అంతే. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఈరోజు పదహారో నంబరు హైవే మీద కృష్ణపట్నం పోర్టు లారీల మధ్య అది నడవాలి. డ్రమ్ములు సరిగ్గా సెట్ చేస్తే మనం అనుకునే దానికంటే బాగానే ఆగుతుంది, అందుకే ముందు అవే బాగుచేస్తాం. అయినా చాలదనుకుంటే ఒక దారి ఉంది. తర్వాతి అంబాసిడర్లలో కంపెనీయే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు ఇచ్చింది. ఆ సామాను పూర్తి సెట్టుగా దొరికితే బిగిస్తాం, మీ డ్రమ్ములు మీకు ఇచ్చేస్తాం. సీటు బెల్టులకు మాత్రం పిల్లరులో రంధ్రం వేసి లోపల ప్లేటు వెల్డింగ్ చేయాలి. కోయబోమన్న మాటకు ఇదొక్కటే మినహాయింపు, పిల్లల్ని ఎక్కించుకునే వాళ్లకు నేనే చెప్పి మరీ వేయిస్తాను.

ఏసీ గురించి అడగనివాళ్లు లేరు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు కారులో కూర్చోవడం ఎంత కష్టమో నాకూ తెలుసు. కానీ 1489 సీసీ పాత పెట్రోలు ఇంజనుకు ఉన్న బలమే తక్కువ. అందులో కొంత కంప్రెసర్ తినేస్తుంది. బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో కరెంటు చాలదు కాబట్టి దాని బదులు ఆల్టర్నేటర్ వేయాలి. బాగా పాత బండ్లలో బ్యాటరీ ప్లస్ వైపు ఎర్త్ ఉంటుంది, అంటే ప్లస్ వైరే బాడీకి కలిపి ఉంటుంది, దాన్ని మార్చకుండా ఆల్టర్నేటర్ బిగిస్తే నిమిషాల్లో కాలిపోతుంది. రేడియేటర్ కోర్ మార్చాలి, ముందు ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టాలి. ఇవన్నీ ఉన్న బోల్టు రంధ్రాలతోనే బిగించేలా బ్రాకెట్లు లేతులో చేయిస్తాం, డాష్‌బోర్డు కింద వేలాడే యూనిట్ పెడతాం. చల్లదనం మీ కొత్త కారులో వచ్చినంత రాదు. ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో నిలబడితే ఏసీ ఆపాల్సి రావచ్చు. ఇది తెలిసి చేయించుకునే వాళ్లకే చేస్తాం.

కష్టమైన ప్రశ్న ఒకటి మిగిలింది. అసలు రూపం అంటే ఏ రోజు రూపం? కావలి నుంచి ఒక తమ్ముడు వాళ్ల తాత మార్క్ 3 అంబాసిడర్ తెచ్చాడు. తెల్ల బండి, మళ్లీ తెల్లగానే కొట్టమన్నాడు. డాష్‌బోర్డు విప్పితే వెనకంతా లేత నీలం. డోరు బీడింగ్ కింద కూడా అదే. అతనికి టెన్షన్ పట్టుకుంది. "అన్నా, ఒరిజినల్ నీలమా? మరిప్పుడేం చేద్దాం?" అన్నాడు. ఆర్‌సీ పుస్తకంలో మాత్రం తెలుపు అనే ఉంది. వాళ్ల తాతే తొలిరోజుల్లో రంగు మార్పించి రాయించుకున్నాడన్నమాట. ఇంట్లో ఎవరికీ ఆ బండి నీలంగా గుర్తులేదు. తెల్లగానే కొట్టమని నేను చెప్పాను. ఫ్యాక్టరీ రంగు కంటే ఆ తాత నలభై ఏళ్లు వాడిన రంగుకే నేను ఎక్కువ విలువిస్తాను. డాష్‌బోర్డు వెనక నీలాన్ని మాత్రం ముట్టుకోలేదు, ఫోటోలు తీసి ఇచ్చాం.

ఒంగోలు నుంచి వచ్చిన ఇంకో బండి టాక్సీగా తిరిగింది. అప్పట్లో పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజను వేయించి, ఆర్టీవో ఆఫీసులో రాయించుకున్నారు. ఇప్పుడు కొడుకులు మళ్లీ పెట్రోలు ఇంజను పెట్టించి ఒరిజినల్ చేయమన్నారు. వాళ్ల పాత ఇంజను ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇంకో బండిది తెచ్చి పెడితే అది ఈ బండి ఇంజను కాదు కదా. వాళ్ల నాయన ఆ డీజిల్ మోతతోనే ముగ్గురు పిల్లల్ని చదివించాడు. ఉన్న ఇంజనునే బాగుచేసి ఇచ్చాం. కొత్తగా ఇంజను మార్చం అన్నాను గానీ, ఎప్పుడో చట్టప్రకారం జరిగి బండిలో కలిసిపోయిన మార్పును తీసేయమనను. ఇంకో సంగతి, ఇంజను నంబరు గానీ ఛాసిస్ నంబరు గానీ రుద్దడం, కొత్తగా పంచ్ చేయడం ఎవరు ఎంతిచ్చినా చేయం. దయచేసి అడగొద్దు.

పెయింట్ దగ్గర నా సలహా ఒక్కటే, తొందరపడొద్దు. బుచ్చిరెడ్డిపాళెం నుంచి వచ్చిన ఒక పద్మిని మీద కంపెనీలో కొట్టిన డ్యూకో అనే పాతకాలపు పెయింటే ఉంది. చేత్తో తీసీ వేసీ డోరు హ్యాండిల్ చుట్టూ కింది పూత కనపడేలా అరిగింది. పూర్తిగా గీకి కొత్త రంగు వేయమన్నారు. వారం ఆలోచించుకోమని పాలిష్ మాత్రం చేసి ఇచ్చాను, ఇప్పటికీ అలాగే తిప్పుతున్నారు. కొత్త పెయింట్ ఎప్పుడైనా వేసుకోవచ్చు, ఆ పాత పొర పోతే మాత్రం మళ్లీ రాదు. మ్యాట్ రంగు మీద ఆశ ఉన్నవాళ్లు స్టిక్కర్ వేయించుకోవచ్చు, అదీ గట్టి పెయింట్ మీదే. పాత డ్యూకో మీద అంటిస్తే పీకేటప్పుడు పెయింట్ కూడా ఊడొస్తుంది. రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి.

ఇక డబ్బు సంగతి. ఇప్పటిదాకా మొత్తం పనికి ఒకే రేటు మాట్లాడుకునేవాళ్లం. ఇకనుంచి దశల వారీగా బిల్లు ఇస్తాం. లప్పం గీకి చూసేదాకా కింద ఎంత తుప్పు ఉందో ఎవరూ చెప్పలేరు. ముందే ఒక రేటు కట్టేస్తే, ఎక్కువ తుప్పు కనిపించినప్పుడు మళ్లీ లప్పంతో కప్పేయాలన్న ఆశ పుడుతుంది, మా షెడ్డులో అలాంటి పని జరగకూడదు. ప్రతి దశకూ ఫోటోలు వాట్సాప్‌లో పంపుతాం. మీరు సరే అన్నాకే తర్వాతి దశ. స్పేర్లకు చెన్నై పుదుపేట వెళ్లాలి, క్రోమ్ ప్లేటింగ్ కూడా అక్కడికే పంపుతున్నాం కాబట్టి ఆలస్యం అవుతుంది. తీసిన ప్రతి సామానుకూ చీటీ కట్టి పెట్టెలో పెట్టి మీకే ఇస్తాం. ఇంతకుముందు కొందరు ఆ పెట్టెలు ఇక్కడే వదిలేసి వెళ్లారు, అవి భద్రంగానే ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి. వాటిని పాత ఇనుముకు వేయొద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెయింట్ పని పెట్టుకోం, తేమకు రంగు మీద తెల్లపొర వస్తుంది. సంక్రాంతికి బండి కావాలనుకునే వాళ్లు ఎండాకాలంలోనే తెచ్చి చూపించండి. వచ్చేటప్పుడు ఆర్‌సీ, బండి కనిపించే పాత ఫోటోలు ఏవైనా ఉంటే తీసుకురండి. ఆ బండిని అప్పట్లో నడిపిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లనూ వెంటబెట్టుకుని రండి. ఏ స్విచ్చు ఎక్కడుండేదో, ఏది కంపెనీది, ఏది తర్వాత పెట్టించిందో మాకంటే వాళ్లకే బాగా తెలుస్తుంది.