ప్రిసెప్టర్‌ని ఎవరు వెతుకుతారో అడుగు

చిన్నీ,

ఫోన్లో చెబితే సగం విని "సరేలే అమ్మా" అంటావని ఇలా రాస్తున్నా, తీరిగ్గా చదువు. మొన్న రాత్రి అడిగావు కదా, "నాది ఆన్‌లైన్ నర్సింగ్ డిగ్రీ (బీఎస్‌ఎన్), నర్స్ ప్రాక్టీషనర్ (ఎన్‌పీ, పేషెంట్లని చూసి మందులు రాసే నర్సు) ప్రోగ్రాముల వాళ్లు అసలు నా అప్లికేషన్ తెరుస్తారా" అని. తెరుస్తారే పిచ్చిదానా. కమ్యూనిటీ కాలేజీలో చదివి, పేషెంట్ల పక్కన నిలబడి క్లినికల్స్ చేసి, ఎన్‌క్లెక్స్ లైసెన్సు పరీక్ష పాసై రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) అయ్యాకే కదా నువ్వు మిగతాది లాప్‌టాప్‌లో పూర్తి చేసింది, ఇక్కడ అమెరికాలో ఉద్యోగం చేస్తూ బీఎస్‌ఎన్ తెచ్చుకునేవాళ్లు ఎంతమందో ఇదే దారిలో వెళ్తున్నారు. స్కూలుకి నర్సింగ్ కోర్సులకి గుర్తింపిచ్చే సీసీఎన్‌ఈ గానీ ఏసీఈఎన్ గానీ అక్రెడిటేషన్ ఉందా అని చూస్తారు. నీ స్కూలుకి ఉంది. అంతే.

2023లో ఫ్లోరిడాలో దొంగ నర్సింగ్ డిప్లొమాల కేసు బయటపడ్డాక (7,600కి పైగా అమ్మారట) మీ అత్తయ్య లాంటి వాళ్లకి ఆన్‌లైన్ అనగానే అదే గుర్తొస్తోంది. అవి డబ్బిచ్చి కొనుక్కున్న కాగితాలు. నువ్వేమో నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, స్క్రబ్స్ కూడా మార్చుకోకుండా, ఉప్మా చల్లారిపోతుంటే డిస్కషన్ పోస్టు టైప్ చేస్తూ కీబోర్డు మీదే నిద్రపోయావు. నేను లేచి చూసేసరికి స్క్రీన్ నిండా ఒకటే అక్షరం, మూడు పేజీలు.

నాకు భయం ఉన్నది నీ స్టాటిస్టిక్స్ మీద. జీపీఏ 3.0 దాటాలని చాలా చోట్ల అడుగుతారు, నీది దాటింది, కానీ ఆ ఒక్క సీ గ్రేడు కళ్లకి కొట్టినట్టు కనిపిస్తుంది, సమ్మర్‌లో మళ్లీ రాసెయ్. రికమెండేషన్ లెటర్లకి నీ ముఖం ఎప్పుడూ చూడని ప్రొఫెసర్ కన్నా మీ ఫ్లోర్ మేనేజర్ నయం. మెడ్‌సర్జ్ (మామూలు వార్డు) అనుభవం ఫ్యామిలీ ఎన్‌పీకి (ఎఫ్‌ఎన్‌పీ) పనికొస్తుంది, బాగా సీరియస్‌గా ఉన్నవాళ్లని చూసే అక్యూట్ కేర్ మీదే మనసుంటే మాత్రం ముందు ఐసీయూకి మారు.

ఇక అసలు సంగతి. క్లాసులు ఆన్‌లైనే అయినా క్లినికల్ గంటలు ఇంట్లో కూర్చుని అవ్వవు. 2022లో వచ్చిన ప్రమాణాల ప్రకారం కనీసం 750 గంటలు నేరుగా పేషెంట్లని చూడాలి, అంతకుముందు 500 ఉండేది. ఆ గంటలు ఎవరి దగ్గర చేస్తావు? అప్పట్లో నేనూ ఎన్‌పీలో చేరినప్పుడు ఈ ప్రశ్న అడగకుండానే డిపాజిట్ కట్టేశాను. రెండో సెమిస్టర్లో తీరిగ్గా చెప్పారు, ప్రిసెప్టర్‌ని, అంటే క్లినిక్‌లో మనల్ని పక్కన పెట్టుకుని పని నేర్పేవాళ్లని, మీరే వెతుక్కోవాలని. లంచ్ బ్రేక్‌లో కారులో కూర్చుని ఒక్కో క్లినిక్‌కి ఫోన్ చేస్తూ నోట్‌బుక్కులో పేర్లు కొట్టేసుకుంటూ పోయాను. నలభై ఒక్క పేర్లు. ఒకరు డబ్బులడిగారు, ఇద్దరు వచ్చే ఏడాది చూద్దామన్నారు, మిగతావాళ్లు తిరిగి ఫోనే చెయ్యలేదు. ఆ సెమిస్టర్ పోయింది, ఆ తర్వాత నేనూ వదిలేశాను. మీ నాన్న ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధనిపించింది.

అందుకే ఏ స్కూలుకైనా ఫీజు కట్టేముందు ఈమెయిల్లో అడుగు: ప్రిసెప్టర్‌ని మీరు చూపిస్తారా, దొరక్కపోతే నా సెమిస్టర్ ఏమవుతుంది, టెక్సాస్‌లో ఉన్నవాళ్లని తీసుకుంటారా? వేరే రాష్ట్రం స్కూళ్లు అన్ని చోట్ల వాళ్లనీ తీసుకోవు. ఫోన్లో తియ్యగా మాట్లాడతారు, జవాబు రాతలో రానీ.

నీ పర్సనల్ స్టేట్‌మెంట్ చూశాను. మొదటి పేరాలోనే "ఆన్‌లైన్‌లో చదివినా కూడా" అని రెండుసార్లు రాశావు, రెండూ కొట్టేశా. ఆ చోట ఆ షుగర్ పెద్దాయన గురించి రాయి, మందు ఎందుకు పనిచెయ్యట్లేదో ఎవరికీ అర్థం కాకపోతే, ఇంట్లో ఫ్రిజ్ పాడై ఇన్సులిన్ కారులో పెట్టుకుంటున్నాడని నువ్వే అడిగి కనుక్కున్నావు చూడు. ఆ రోజు నాకు ఫోన్ చేసి గంట చెప్పావు.

అమ్మ