తుపాకి లైసెన్సు ఇచ్చేటప్పుడూ ప్రమాణం గుర్తుండాలి

సంపాదకులకు నమస్కారం.

మన చిత్తూరు జిల్లాలో నాయకుల మధ్య ఆరోపణలు ముదిరితే చాలు, 'కాణిపాకం వస్తావా, వినాయకుడి ముందు ప్రమాణం చేద్దాం' అని సవాళ్లు మొదలవుతాయి. పదవి చేపట్టేటప్పుడు రాజ్యాంగం మూడో షెడ్యూలు ప్రకారం చేసిన ప్రమాణాన్ని మాత్రం తర్వాత ఎవరూ గుర్తు చేయరు. భయం గాని, పక్షపాతం గాని, రాగద్వేషాలు గాని లేకుండా ప్రజలందరికీ రాజ్యాంగాన్ని, చట్టాలను అనుసరించి న్యాయం చేస్తానని ప్రతి మంత్రీ అందులో చెబుతారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తున్నదో చూడాలంటే తుపాకి లైసెన్సుల వ్యవహారం ఒక్కటి పరిశీలిస్తే చాలు.

అమెరికాలో ఆయుధం కలిగి ఉండడం 1791 నాటి రెండో సవరణతో వచ్చిన రాజ్యాంగ హక్కు. మన దగ్గర 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆ హక్కు ఉన్నప్పటికీ, 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని చేర్చాలని కోరితే అంబేద్కర్ అంగీకరించలేదు. అది మంచి నిర్ణయమేనని నా అభిప్రాయం. ఇంటింటికీ తుపాకి కావాలని నేను అడగడం లేదు.

అయితే 1959 ఆయుధాల చట్టం రైతును మరచిపోలేదు. పంట రక్షణకు నిజంగా అవసరమైన వారికి, చట్టంలోని ఇతర నిబంధనలకు లోబడి, గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షను చెబుతోంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షను స్పష్టంగా అంటోంది. పలమనేరు, కుప్పం వైపు అడవి అంచు పల్లెల్లో రైతులు రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బాలు వాయిస్తూ, టపాకాయలు పేలుస్తూ వేరుశనగ చేనును అడవి పందుల నుంచి కాపాడుకుంటున్నారు. కొందరు గత్యంతరం లేక కరెంటు తీగలు పరిచి మనుషుల ప్రాణాల మీదికీ తెస్తున్నారు. (లైసెన్సు ఉన్నంత మాత్రాన వన్యప్రాణిని కాల్చే అనుమతి రాదు, ఏనుగు మీద తుపాకి ఎక్కుపెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. మోత చేసి బెదరగొట్టడానికే ఈ అవసరం.) పలుకుబడి ఉన్నవారి నడుముకు పిస్తోలు చేరడానికి పట్టే కాలమూ, ఇలాంటి రైతు దరఖాస్తు ఒక బల్ల మీంచి మరో బల్లకు కదలడానికి పట్టే కాలమూ ఒకటి కాదన్నది ఇక్కడ అందరూ అనుకునే మాటే.

అది నిజం కాదని అధికారులు భావిస్తే నిరూపించడం కష్టమేమీ కాదు. పంట రక్షణ కోసం ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఆత్మరక్షణ పేరిట ఎందరికి లైసెన్సులిచ్చారు, ఒక్కొక్కదానికి ఎన్నాళ్లు పట్టింది అన్న వివరాలను, దరఖాస్తుదారుల పేర్లు లేకుండా, చిత్తూరు, తిరుపతి కలెక్టరేట్ల నోటీసు బోర్డుల్లో ఏటా పెట్టాలి. నిరాకరించినప్పుడు కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలని, దరఖాస్తుదారు అడిగితే క్లుప్తంగానైనా తెలపాలని చట్టంలోనే ఉంది కాబట్టి, ఆ కాగితాన్ని తెలుగులో ఇవ్వాలి.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పలమనేరు, చిత్తూరు జిల్లా