బొమ్మ ఎందుకు ఆపారో గీసినవాడికైనా చెప్పండి

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పత్రికలకు రాజకీయ కార్టూన్లు గీసి బతికేవాణ్ణి. కార్టూన్లు ఆపడం గురించి మీ శాఖకు లోగడ పంపుకున్న వినతులకు ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2025 ఫిబ్రవరిలో అమెరికాలో అక్రమంగా ఉన్నారంటూ మనవాళ్లకు సంకెళ్లు వేసి, అమెరికా సైనిక విమానంలో తెచ్చి అమృత్‌సర్‌లో దించారు. ఆ వార్త చదివిన ఏ కార్టూనిస్టు చేయైనా సంకెళ్లే గీస్తుంది. తమిళ పత్రిక వికటన్ వాళ్ల డిజిటల్ సంచికలో ట్రంప్ పక్కన ప్రధాని సంకెళ్లతో కూర్చున్న బొమ్మ వచ్చింది. నచ్చనివాళ్లు ఫిర్యాదు చేశారు. అది వాళ్ల హక్కు, కాదనను. కానీ ఫిబ్రవరి 15న చాలామందికి వికటన్ వెబ్‌సైటే తెరుచుకోలేదు. మీ శాఖ నోటీసు ఆ తర్వాత వచ్చింది! ముందు తాళం, తర్వాత నోటీసు. ఇదెక్కడి పద్ధతి సార్? ఒక్క బొమ్మ మీద అభ్యంతరమైతే 1926లో పుట్టిన పత్రిక మొత్తాన్ని పాఠకులకు దూరం చేయాలా? మార్చిలో మద్రాసు హైకోర్టు సైటు తెరవమంది, కానీ ఆ కార్టూన్ తీసేశాకే.

ఇంటర్నెట్‌లో సమాచారాన్ని ఆపే అధికారం కేంద్రానికిచ్చే ఐటీ చట్టం 69ఏ సెక్షన్ గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో ఆన్‌లైన్ రాతలకు జైలుశిక్ష వేసే 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసి, 69ఏను మాత్రం ఉంచింది. కారణాలు రాతలో ఉంటాయి, వాటిని సవాలు చేస్తూ హైకోర్టులో రిట్ పిటిషన్ వేసుకోవచ్చు అన్న భరోసాతోనే కదా? మరి ఉత్తర్వు రహస్యమంటూ కాపీ ఇవ్వకపోతే, మేం దేనిమీద రిట్ వేయాలి? లాయరు ముందు ఏ కాగితం పెట్టాలి?

ఒక్క మీ ప్రభుత్వాన్నే అనడం లేదు. మమతా బెనర్జీ మీద వచ్చిన కార్టూన్‌ను ఈమెయిల్‌లో పంపినందుకు కోల్‌కతాలోని జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర 2012లో అరెస్టయ్యారు. ఆ కేసు నుంచి బయటపడేసరికి 2023 వచ్చింది. తమిళనాడులోని తిరునెల్వేలి కలెక్టరేట్ దగ్గర అప్పులబాధతో ఒక కుటుంబం నిప్పంటించుకుంటే, దానిమీద బొమ్మ వేసిన కార్టూనిస్టు జి. బాలను 2017లో పోలీసులు పట్టుకెళ్లారు. అధికారంలో ఎవరున్నా మాకు టెన్షన్ తప్పడం లేదు.

ఆ టెన్షన్ బొమ్మలోకి వచ్చేసింది సార్. ఈ మధ్య కుర్రాళ్లు నాయకుణ్ణి వెనకనుంచి గీస్తున్నారు. కళ్లజోడు లేదు, గడ్డం లేదు, ఉత్త వీపు, కుర్చీ. ఎవరని అడిగితే "ఎవరైనా అనుకోవచ్చు అన్నా, కేసు గోల ఉండదు" అంటారు. సాయంత్రం ఏడింటికి ఎడిటర్ ఫోన్ చేసి "ఇది వద్దులే, ధరల మీద ఏదైనా పంపు" అంటే, పిల్లల ఫీజులు గుర్తొచ్చి ఇంకోటి గీసి పంపుతాం. ఏ రికార్డులోనూ ఎక్కని నిషేధం ఇది.

దయచేసి బొమ్మ ఆపే ముందు గీసినవాణ్ణి పిలిచి వినండి. ఆపితే ఉత్తర్వు కాపీ ఇవ్వండి. ఆ ఒక్క బొమ్మ గురించే మాట్లాడండి, పత్రిక జోలికి వెళ్లకండి. ఈ ఉత్తరానికైనా జవాబివ్వండి. కుదరదన్నా సరే, ఆ మాటే కాగితం మీద రాసి పంపండి.

ఇట్లు,
ఒక తెలుగు కార్టూనిస్టు