అప్రైజల్ ఫారానికి ఇటువైపు

సంపాదకులకు నమస్కారం.

అప్రైజల్‌ల గురించి, అంటే ఉద్యోగుల పనికి ఏడాదికోసారి వేసే మార్కుల గురించి, పత్రికల్లో వచ్చేదంతా ఉద్యోగుల గోడే. న్యాయమైన గోడే. రేటింగ్‌లు వేసే కుర్చీలో తొమ్మిదేళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి ఇటువైపు జరిగేది కూడా చెబుతాను.

నా టీములో పదకొండు మంది. ఫారాలు నింపడానికి వారం గడువిచ్చేవారు. నేను చివరి రెండు రాత్రులే కూర్చునేదాన్ని. ఎవరి సెల్ఫ్ అప్రైజల్‌లో వాళ్లు రాసుకున్న మాటల్నే కాస్త అటూ ఇటూ తిప్పి పైకి పంపేదాన్ని. సిగ్గుపడాల్సిన విషయమే. కానీ ఇది నా ఒక్కదాని అలవాటు మాత్రం కాదు.

ఒక ఏడాది సంగతి. మా టీములో పెద్దగా మాట్లాడని ఒకమ్మాయి ఉండేది. పాత సర్వర్ నుంచి కస్టమర్ల వివరాలు కొత్తదానికి మారుస్తుంటే, లెక్క కుదరని ఏడు వేల రికార్డులను పట్టుకుంది తనే. చూసుకోకపోతే అన్ని తప్పుడు బిల్లులూ బయటికి వెళ్లేవి. అది ఏడాది మొదట్లో మాట. చివర్లో ఒక రిపోర్టు రెండు రోజులు ఆలస్యం చేసింది. ఫారం ముందేసుకున్నప్పుడు నా బుర్రలో మెదిలింది ఆ రిపోర్టే. ఐదుకు మూడు వేసి, గడువుల విషయంలో మెరుగుపడాలని ఒక ముక్క రాశాను.

ఆ కాగితం నా ఎదురుగా కూర్చునే చదివింది. "మేడమ్, ఆ బిల్లుల సంగతి ఇందులో లేదేంటి?" అంది. ఏం చెప్పను? మార్చమని హెచ్ఆర్‌ని అడిగితే, బెల్ కర్వ్‌లో (ఏ రేటింగ్ ఎంతమందికో ముందే కోటా పెట్టే పద్ధతి) సరిపోవాలి కాబట్టి ఇంకెవరినైనా కిందికి దించమన్నారు. దించలేదు. ఆమెకూ మార్చలేదు.

ఈ జబ్బు కొత్తది కాదు. 1920లోనే ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, సైనికాధికారులు తమ కిందివాళ్లకు వేసిన మార్కులు పరిశీలించాడు. ఒక గుణంలో మెప్పించినవాడికి తెలివికీ, నాయకత్వానికీ, చివరికి దేహదారుఢ్యానికి కూడా కలిపి మార్కులు పడుతున్నాయని పట్టుకున్నాడు. 2000లో వచ్చిన ఒక పరిశోధన ఇంకా నిష్ఠూరంగా చెప్పింది: నాలుగు వేల మందికి పైగా మేనేజర్లకు పడిన రేటింగ్‌లు చూస్తే, వాటిలోని తేడాల్లో సగానికి పైగా మార్కులు వేసినవాళ్ల సొంత ధోరణి వల్లే వచ్చాయట. అంటే నేను వేసిన ఆ మూడు రేటింగ్ ఆ అమ్మాయి గురించి చెప్పినదానికంటే నా గురించి చెప్పిందే ఎక్కువ.

ఆ తర్వాత నేను మార్చుకున్నది ఒక్కటే. ప్రతి శుక్రవారం ఇంటికి బయల్దేరే ముందు ఒక నోట్‌బుక్ తీసి మనిషికో లైను రాసేదాన్ని. తేదీ, చేసిన పని, దానివల్ల ఏం జరిగింది. పది నిమిషాల పని. "బాగా చేస్తున్నాడు" లాంటి మాటలు అందులో నిషేధం. మూడు నెలలకోసారి ఆ పేజీలు వాళ్ల ముందే తెరిచి మాట్లాడుకునేవాళ్లం. జీతాల హైక్ ఊసు ఆ మీటింగులో రానిచ్చేదాన్ని కాదు. డబ్బు మాట మొదలైతే ఇంక ఎవరికీ ఏదీ చెవికెక్కదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబ్ 2012లో వార్షిక రేటింగ్‌లు ఎత్తేసింది. 2013లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగులను బలవంతంగా వరుస పేర్చే పద్ధతి మానేసింది. చాలాచోట్ల మాత్రం అప్రైజల్ సంస్కరణ అంటే కొత్త సాఫ్ట్‌వేర్ కొనడం, ఫారంలో కాలమ్‌లు పెంచడం. మా ఫారం తొమ్మిది ప్రశ్నల నుంచి ఇరవై మూడుకు పెరిగింది. నా జ్ఞాపకశక్తి మాత్రం పెరగలేదు.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. బాగా పనిచేసే ఒకతన్ని పక్క టీమువాళ్లు పెద్ద హోదాకి అడిగితే, "ఇంకా రెడీ కాలేదు" అని రెండేళ్లు ఆపాను. నిజానికి రెడీ కానిది నేను, అతను లేకుండా టీమును నడపడానికి. టాలెంట్ మేనేజ్‌మెంట్ అని శిక్షణలు పెట్టేవాళ్లు, ఏ మేనేజర్ కింద నుంచి ఎంతమంది పైకి వెళ్లారో కూడా లెక్క తీయాలి. ఆ లెక్కలో నాకు మంచి రేటింగ్ వచ్చేది కాదు.

బిల్లులు పట్టుకున్న అమ్మాయి నాలుగు నెలలకే రాజీనామా చేసింది. ఎగ్జిట్ ఫారంలో కారణం అన్నచోట "మెరుగైన అవకాశం" అని టిక్ పెట్టి వెళ్లింది. హెచ్ఆర్ రికార్డుల్లో అదే ఉంది.

— ఒక మాజీ టీమ్ లీడ్