ముఖ్యమంత్రి గారూ, ముందు మండలానికో పూర్తిస్థాయి విద్యాధికారిని (ఎంఈఓ) ఇవ్వండి

రేవంత్ రెడ్డి గారికి నమస్కారం.

విద్యాశాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి నేరుగా మీకే రాస్తున్నా. నేను ఒక పల్లెటూరి ప్రైమరీ స్కూల్లో ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ వేశారు, బడులకు కరెంటు ఉచితం చేశారు. రెండూ మంచి పనులే. కానీ హైదరాబాద్‌కీ మా బడికీ మధ్యలో ఉండాల్సిన వ్యవస్థే ఖాళీగా ఉంది సార్.

ఏళ్ల తరబడి చాలా మండలాల్లో ఎంఈఓ అంటే ఇంచార్జి బాధ్యత మోస్తున్న ఏదో ఒక హైస్కూల్ హెడ్మాస్టరే. ఆయన తన బడి నడుపుకోవాలి, మండలంలో బడులన్నీ చూడాలి, బిల్లులు, మీటింగులు, పైనుంచి అర్జెంటుగా అడిగే వివరాలు అన్నీ ఆయనే పంపాలి, ఇక మా క్లాసులో ఓ గంట కూర్చుని మూడో తరగతి పిల్ల ఎందుకు చదవలేకపోతోందో చూసేదెప్పుడు? ఆ పోస్టుకి గవర్నమెంట్ టీచర్లు అర్హులా, లోకల్ బాడీ (జిల్లా, మండల పరిషత్) టీచర్లు అర్హులా అన్న సర్వీస్ రూల్స్ గొడవ కోర్టుల్లో నలుగుతూనే వచ్చింది. చొరవ తీసుకుని దాన్ని తేల్చాల్సింది ప్రభుత్వమే.

డైట్‌లదీ (జిల్లా విద్యా శిక్షణ సంస్థలు) అదే కథ. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాలో టీచర్లకు అండగా ఉండాలని పెట్టిన సంస్థలవి. జిల్లాలు 33 అయ్యాయి, డైట్‌లు మాత్రం పాత లెక్కలోనే ఉన్నాయి, వాటిలోనూ లెక్చరర్ల కొరత. అందుకే రాష్ట్రస్థాయిలో విన్నవాళ్లు జిల్లాలో చెప్పి, జిల్లాలో విన్నవాళ్లు మండలంలో చెప్పి, చివరికి ట్రైనింగ్ మా దాకా వచ్చేసరికి నాలుగు స్లైడ్లే మిగులుతాయి. 2022లో ప్రైమరీ బడుల్లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పుడు నాకు నిజంగా నచ్చింది, పిల్లల స్థాయిని బట్టి చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలన్నది సరైన ఆలోచనే. అయితే ఐదు తరగతులకి ఇద్దరే టీచర్లున్న బడిలో దాన్ని ఎలా నడపాలో పక్కన నిలబడి చేసి చూపించేవాళ్లు కావాలి. నెలనెలా వివరాల ఎంట్రీలు చేయమంటే పిల్లలకి చదువు రాదు కదా.

బడి ఖర్చులకు సమగ్ర శిక్ష పథకం కింద ఇచ్చే గ్రాంటు 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేలు, వంద లోపైతే 25 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, నల్లా రిపేరు అన్నీ అందులోనే. ఉన్నదే కొంచెం, అదీ విడతలుగా ఆలస్యంగా వస్తే టీచర్లు జేబులోంచి పెట్టుకోవాల్సి వస్తోంది.

జూన్‌లో బడి తెరిచే రోజుకి గ్రాంటు మొత్తం ఒకేసారి వేయండి. డైట్ లెక్చరర్ పోస్టులు నింపి, వాళ్లు నెలలో కొన్ని రోజులు పల్లె బడుల్లోనే గడపాలని ఆర్డర్ ఇవ్వండి. ఎంఈఓ పనితీరుని ఎన్ని రిపోర్టులు పంపారని కాకుండా ఎన్ని క్లాసులు చూశారు, తర్వాత ఆ టీచర్‌కి ఏం సాయం చేశారు అని అడగండి.