కాదు, లేదు

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

బావా,

నువ్వు ఫోన్ చేసినప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను, ఏమనుకోకు. మొన్న పొందూరు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఫోన్లో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను.

నాయనమ్మ పెట్టె తీశాం. చీరల అడుగున వాలుగ చేప దవడ దొరికింది. చిన్న దువ్వెనలా సన్నటి పళ్ళు. పట్టుకునే చోట చెయ్యి ఆడీ ఆడీ నున్నబడిపోయింది. రెండు పళ్ళు విరిగాయి, పక్క పళ్ళ మధ్య ఇంకా ఒక దూది పోగు. ఆవిడ దాంతో పత్తి దువ్వుతుంటే చిన్నప్పుడు గంటలకొద్దీ పక్కనే ఉన్నాను కదా, ఆ దవడ మీదికి నా దృష్టి ఎప్పుడూ పోలేదు. దూదినే చూశాను. జర్మన్ తత్వవేత్త హైడెగర్ 1927లో 'బీయింగ్ అండ్ టైమ్'లో సుత్తి గురించి చెప్పింది ఇదే. పనిలో ఉన్నంతసేపూ పనిముట్టు కంటికి ఆనదు. విరిగితేనో, పని ఆగితేనో ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

మాట కూడా అలాగే నిలబడింది. "నాయనమ్మ లేదు కదా, ఇవన్నీ ఎవరికిస్తారు?" అని అడిగింది పక్కింటావిడ. రోజూ వాడే 'లేదు' దగ్గర ఆగిపోయాను. చూడు, 'ఇది దూది' అనడానికి మనకి క్రియే అక్కర్లేదు. కాదనాలంటే మాత్రం రెండు మాటలు: 'ఇది దూది కాదు', 'దూది లేదు'. ఇంగ్లీషులో, జర్మన్‌లో రెండు పనులూ ఒకే క్రియ మీద పడతాయి. ఉనికి గురించి ఆలోచించే మెటాఫిజిక్స్‌లో సగం చిక్కులు ఆ క్రియ తెచ్చినవేనని ఇంకో జర్మన్ తత్వవేత్త కార్నప్ వాదన. హైడెగర్ 1929లో ఫ్రైబర్గ్‌లో ప్రసంగిస్తూ శూన్యాన్ని నామవాచకం చేసి మాట్లాడితే, 'ఏమీ లేదు' అనే వాక్యంలోంచి లేని వస్తువుని పుట్టించాడని కార్నప్ తప్పుపట్టాడు.

వ్యాకరణం వరకు కార్నప్‌ది న్యాయమే. అయినా నేను హైడెగర్ వైపే. 'లేదు' అనడం వల్ల లేమి పుట్టదు, లేమి ముందు తగిలింది కాబట్టే 'లేదు' అనగలుగుతున్నాం అంటాడాయన. ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ 1943లో దాన్ని ఇంకా దగ్గరికి తెచ్చాడు: కేఫ్‌లో స్నేహితుడు పియేర్ కోసం వెతికితే, అక్కడ లేనివాళ్ళు ఎంతమందైనా, కేఫ్ అంతా నిండిపోయేది పియేర్ లేకపోవడమే. ఆ గదిలో నాకు జరిగింది అదే బావా. మంచం, రాట్నం, కిటికీ అన్నీ ఉన్నాయి. వాటన్నిటి మీదా ఆవిడ లేకపోవడమే కనిపించింది.

'కాదు'కీ 'లేదు'కీ ఉన్న ఈ తేడా మీద మనవాళ్ళెవరైనా తెలుగులోనే గట్టిగా తత్వశాస్త్రం రాయాలని నా కోరిక. నువ్వు రాస్తే నేను రాత్రంతా కూర్చుని చదువుతాను.

దవడ ఇప్పుడు నా బల్ల మీదుంది. పోగు తీయలేదు. సంక్రాంతికి వస్తావుగా, చూద్దువుగాని.

నీ
బావ